పేరు ముందరి మాట

"ఒప్పేసుకున్నారు తాయారూ! ఒప్పేసుకున్నారు!"

దేవరాజులు చెప్పులైనా విప్పకుండా నడవలోంచి పెరట్లోకి దూసుకొచ్చాడు. గొడుగును గోడకు ఆనించబోయాడు. అది జారి పడినా పట్టించుకోకుండా చెల్లెలి ఎదుట నిలబడి రొప్పుతున్నాడు. తాయారు రోటి దగ్గర ఉంది. మోచేతుల దాకా పసుపు. పైకి లేచిన రోకలి లేచినట్టే ఒక్క క్షణం ఆగి, చప్పుడు లేకుండా రోట్లోకి దిగింది. నిద్రపోయిన బిడ్డను పక్కమీద పడుకోబెట్టినట్టు దించింది ఆమె దాన్ని.

తాయారు కూతురు కోకిల వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. బడిలో పాఠాలు చెప్పి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోలేదు. సుందర్‌రాజ్ ఒప్పుకున్నాడన్నది ఆమెకు పెళ్ళిచూపుల నాడే తెలుసు. వెళ్తూ వెళ్తూ ఈ గుమ్మానికే తల కొట్టుకుని, అందరూ అయ్యో అయ్యో అంటుంటే తను మాత్రం నవ్వాడు. నవ్వుతూ ఆమె వంకే చూశాడు. ఒప్పుకోవలసిందల్లా పెద్దాయన, అతని తండ్రి, కొత్వాల్ చావడిలో బెల్లం మండీ నడిపే తిరువేంగడం నాయుడు. ఆయనా ఇప్పుడు ఒప్పుకున్నాడు. గ్లాసులో కాఫీ నురగ, దాని మీద పడుతున్న సాయంత్రపు ఎండ, తీగ మీద గాలికి ఊగుతున్న గుడ్డలు, అన్నీ కోకిలకు ఒక్కసారిగా ముద్దొచ్చాయి.

"అయితే ఒక చిన్న మాట ఉండాది," అన్నాడు దేవరాజులు, చెప్పులు అప్పుడు విప్పుతూ. "కార్డు ఇంగ్లీషులో వేయాలంట. మాప్పిళ్ళ సుందర్‌రాజ్ ఆఫీసు దొరలకు ఇయ్యాల గదా. మన మునిస్వామి బావ పేరుకు ముందర ఆ మాట ఉండాలన్నాడు పెద్దాయన."

"ఏ మాట మామా?" అంది కోకిల.

"లేట్. లేట్ మునిస్వామి నాయుడు గారి కుమార్తె. అంతే. నాలుగు అక్షరాలు."

కోకిల గ్లాసు కింద పెట్టింది. "నాయన పోయినాడని ఎవురు చెప్పినారు?"

"పోలేదని ఎవురు చెప్పినారమ్మా? సముద్రం దాటి పనికి పోయిన రంగం పట్నంలో జపానోడు బాంబులేసిన ఏడు, నడిచి వస్తాండా అని కబురు పెట్టిన మనిషి. పన్నెండేండ్లాయె. ఏనుగు మీద వచ్చినా ఈపాటికి ఇంటికి చేరుండాల." తన మాటకు తనే నవ్వబోయి, చెల్లెలి వైపు చూసి మానుకున్నాడు. "తిరువేంగడం నాయుడు ఏమంటాడంటే, పెండ్లికూతురి నాయన పందిట్లో కూర్చోవాల, లేకుంటే ఆ మాటైనా ఆయన పేరు ముందర కూర్చోవాల. రెండూ లేకుంటే మా వాళ్ళకు ఏం చెప్పేది, అంటాడు. తప్పేముంది?"

"ఆ మాట పడితే అమ్మ బొట్టు ఏమౌతుంది?"

"దానికి నన్నేం చేయమంటావు? పీటల మీద నేనూ మీ అత్తా కూర్చుంటాం. కన్యాదానం మేమే చేస్తాం."

"అత్తకు పట్టుచీర అప్పుడే తెచ్చేసినారా?"

"చూడు తాయారూ, నీ బిడ్డ నోరు!"

తాయారు దంచిన పసుపును చేత్తో రోటి అంచుల నుంచి మధ్యకు తోసింది, మళ్ళీ తోసింది. తోయడానికి అక్కడ ఇంకేమీ మిగల్లేదు. అమ్మ గుండెకు దెబ్బ తగిలిందనుకుంది కోకిల.

వాళ్ళుండే చూలై పేటలో తెలుగువాళ్ళ ఇంట పెళ్ళి కుదిరిందంటే మొదటి పని పసుపు దంచడం. రోలు కడిగి, రోకలికి మామిడాకు కట్టి, ముత్తైదువలు చుట్టూ చేరాక తొలి పోటు వేయాలి. ఆ తొలి పోటు తాయారుదే కావాలని ఇంటింటా పట్టు. ఆమె చెయ్యి చల్లనిదని పేరు. దంచడం, జల్లించడం, నిమ్మరసంలో పసుపు నానబెట్టి కుంకుమ తియ్యడం, అంతా ఆమె పనే. ఆ పని పెట్టిన అన్నమే తిని కోకిల బి.ఏ. దాకా చదివింది. నొసట బొట్టు లేని మనిషి చేతికి ఆ రోకలిని ఎవరూ ఇవ్వరు. పన్నెండేళ్ళుగా కబురు లేని మొగుడికి పెళ్ళామే అయినా, కబురు లేదన్న ఆ ఒక్క కారణం మీదే తాయారు ముత్తైదువగా నిలబడి ఉంది. ఇప్పుడు ఒక కార్డు ఆమెను ఆ రోటి దగ్గర నుంచి లేపేస్తుంది. అదీ కన్నకూతురి పెళ్ళి కార్డు!

మరునాడు బడి వదలగానే కోకిల తిన్నగా ఏకాంబరం ప్రెస్సుకు నడిచింది. రెండు రేకుల కొట్ల మధ్య ఇరుకు గది. లోపల సిరా వాసన, కిరసనాయిలు వాసన. ఏకాంబరం ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో, ఎడమ చేతిలో అక్షరాలు పేర్చే ఇత్తడి స్టిక్కు పట్టుకుని, కుడి చేత్తో గళ్ళ కేసులోంచి సీసపు అక్షరాలు ఏరుతున్నాడు. గింజలు ఏరుకునే పిచ్చుకలాగా ఉంది ఆ చెయ్యి. బెంచీ మీద కూర్చుని ఉన్న మనిషి గబుక్కున లేచి నిలబడ్డాడు. సుందర్‌రాజ్!

"కార్డు మాటర్ ఇచ్చి పోదామని వచ్చినా," అన్నాడు, దొంగతనం చేస్తూ దొరికినట్టు. "నువ్వు?"

"మీరిచ్చిన దాంట్లో ఒక మాట తీయించి పోదామని."

ఏకాంబరం కళ్ళద్దాల మీదుగా ఇద్దరినీ చూసి, "కళ్యాణానికి ముందే తగువా? సరి సరి, కానీండి," అన్నాడు.

ఏ మాటో ఆమె చెప్పింది. ఏకాంబరం పక్కనున్న అరలోంచి నాలుగు సీసపు అక్షరాలను నూలుదారంతో కలిపి కట్టిన చిన్న ముక్కను తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "ఇదేనా అమ్మా? దీన్ని విడగొట్టి కేసులో పోసేదే లేదు. ఒక కార్డులోంచి తీసి ఇంకో కార్డులో పెడతాండా. ఊళ్ళో తండ్రులు అట్టా పోతాండారు, నేనేం చేసేది?"

"పోయినట్టు తెలిస్తే పెట్టండి," అంది కోకిల. "తెలియకపోతే? ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను మనిషి పోయాడని తెలిసినాకే వాడతారు. అదీ కొన్నాళ్ళే. మనమే ముత్తాతల పేర్లకు కూడా తగిలిస్తాం. మా నాయన సంగతి ఎవురికీ తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు అచ్చేసి ఊరంతా పంచుతామా?"

"టీచరమ్మ పాఠం చెప్తాంది," అన్నాడు ఏకాంబరం.

సుందర్‌రాజ్ నవ్వలేదు. "పెండ్లిలో మీ అమ్మ ముందుండకపోతే నాకూ బాగుండదు," అన్నాడు. "నాయనతో నేను మాట్లాడతా. అరుస్తాడు. రెండు పూటలు అరిచినాక ఆకలేస్తుంది, అప్పుడు వింటాడు."

బయటికొచ్చాక వీధి మొగలో ఇద్దరూ గోలీ సోడా తాగారు. ఆమె వేలితో గోలీని నొక్కితే అది లోపలికి దిగలేదు. అతను నొక్కితే బుస్సుమని సోడా పొంగి చొక్కా తడిసింది. ఇంటి దాకా కోకిలకు నవ్వు ఆగలేదు.

ఆ సాయంత్రం తాయారు కుంకుమ చేస్తోంది. నిమ్మరసం, వెలిగారం కలిపిన పళ్ళెంలో పసుపు ముక్కలు నానుతూ ఎర్రబడుతున్నాయి. పక్క వాటాలో ఉండే వల్లి అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఇరవై దాటని పిల్ల. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోయి పుట్టింటికి చేరింది. కుంకుమ పళ్ళెం ఉన్న వైపు రాదు, తను కూర్చున్న చోటు నుంచే మాట్లాడుతుంది.

"కోకిలా," అంది తాయారు, "ఆ మాటకు అర్థం ఏందిమే?"

"ఏ మాట?"

"అదే. కార్డులోది."

కోకిలకు హుషారొచ్చింది. కాలేజీలో ఇలాంటివి వెతికి పట్టుకోవడమంటే ఆమెకు ప్రాణం. "అది చాలా పాత మాటమ్మా. మొదట్లో దానికి నిదానమైన, వెనకబడిన అని అర్థం. లాటిన్‌లో దానికి చుట్టం మాట ఒకటుంది, దానికేమో అలసిపోయిన అని."

తాయారు చెయ్యి పళ్ళెంలో ఆగింది. "వెనకబడినోడా?"

"మొదట్లో. తర్వాత తర్వాత, ఈ మధ్య దాకా ఉండినవాడు అనే అర్థం పట్టింది. ఆ పైన, పోయినవాడు అని. చచ్చిపోయాడు అనకుండా మర్యాదగా అనడానికి."

"ఎన్నాళ్ళు అంటారు అట్టా?"

"దానికి లెక్కేమీ లేదు. ఆ మనిషిని ఎరిగినవాళ్ళు ఉన్నన్నాళ్ళు అనుకో."

"మరి మొదట ఎవురు అనాల? పెండ్లామా?"

"ఎవరైనా అనొచ్చు," అంది కోకిల. అని, నాలిక కరుచుకుంది. "నువ్వు దాని గురించి దిగులు పడొద్దమ్మా. ఆ మాట పడదు. ఆయన చూసుకుంటానన్నారు."

"అక్కకు అప్పుడే ఆయన అయినాడు," అంది వల్లి, చేటలోంచి తలెత్తకుండా. కోకిల గుప్పెడు బియ్యం ఆమె మీదికి విసిరింది. తాయారు మాత్రం వల్లి వంక చూసి, చూడలేనట్టు ముఖం తిప్పుకుని, పళ్ళెంలోని ముక్కలను మళ్ళీ కలపసాగింది.

సుందర్‌రాజ్ అన్నట్టే తిరువేంగడం నాయుడు అరిచాడు, తిండి మానేశాడు, చివరికి ఒప్పుకున్నాడు. గురువారం కార్డు ప్రూఫు వచ్చింది. గులాబీరంగు కాగితం మీద నల్లటి అక్షరాలు, ఇంకా తడి తడిగా ఉన్నాయి. మునిస్వామి నాయుడు అని ఉంది. దాని ముందు ఏమీ లేదు. ఆ ఖాళీ చోటును కోకిల వేలితో తడిమి చూసుకుంది. కాగితాన్ని అమ్మ ముఖం ముందు ఆడిస్తూ పెరడంతా తిరిగింది. "నువ్వే పీటల పక్కన నిలబడతావు. రేపు నా పసుపుకు తొలి పోటు నువ్వే వేస్తావు. ఎవరు కాదంటారో చూస్తా!"

తాయారు నవ్వింది. నవ్వు సగంలో పెదవి వణికింది. సంతోషమనుకుంది కోకిల.

శుక్రవారం మధ్యాహ్నానికి పెరడు నిండింది. దేవరాజులు భార్య అలివేలుమంగ పట్టుచీరలోనే వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చారు. రోటికి పసుపు రాసి బొట్లు పెట్టారు. రోకలికి మామిడాకు కట్టారు. కొత్త చేటలో పసుపు కొమ్ములు నిగనిగలాడుతున్నాయి. కోకిల పీట మీద తలంటుకున్న జుట్టుతో కూర్చుని, మల్లెపూల వాసన, ఆడవాళ్ళ ముచ్చట్లు, అన్నీ తనకోసమే కదా అని లోలోపల గంతులేస్తోంది. వల్లి తన వాటా తలుపు దగ్గరగా వేసుకుంది.

"రా తాయారూ, కానీ," అంది అలివేలుమంగ.

తాయారు రోకలి అందుకుంది. ఎన్ని వందల సార్లో ఎత్తిన రోకలి. అది భుజం దాకా లేచింది. అక్కడ ఆగింది. అందరూ చూస్తున్నారు. ఆమె చేతుల నరాలు తేలాయి. రోకలి పడలేదు. నెమ్మదిగా దించి, రోటి పక్కన నేల మీద ఆనించి, "వదినా, నువ్వు వేయి తొలి పోటు," అంది.

"ఇదేందబ్బా! మా బిడ్డలందరికీ నీ చెయ్యి కావాలంటిమి. నీ బిడ్డకు వద్దంటావా?"

"చెయ్యి నొప్పి వదినా."

"కార్డు కోసం మాతో అంత పోరినారు గదా తల్లీ కూతుళ్ళు," అంది అలివేలుమంగ గొంతు పెంచి. "ఇప్పుడు నేనేస్తే, తల్లి ఉండగా మేనమామ పెండ్లాం ముందుకు దూకిందని రేపు నన్ను ఆడిపోసుకునేదానికా? నేనెయ్యను."

ఒకామె నవ్వింది, ఇంకొకామె తాయారు చెయ్యి పట్టి ఒత్తబోయింది. తాయారు మళ్ళీ రోకలి ఎత్తింది. ఈసారి కళ్ళు మూసుకుంది. కోకిల లేచి దగ్గరికి వచ్చేసరికి ఆమె ఒళ్ళంతా చెమట. రోకలి ఆమె చేతిలోంచి జారి అడ్డంగా పడింది. మామిడాకు నలిగిపోయింది. ముచ్చట్లు ఆగిపోయాయి.

"అమ్మకు ఒంట్లో బాగా లేదు," అంది కోకిల. "రేపు చూద్దాం. అందరూ తాంబూలం తీసుకోండి."

రోకలి పడడం మంచిది కాదని గొణుక్కుంటూ ఒకరొకరే వెళ్ళిపోయారు. రోటి చుట్టూ ఎవరూ తొక్కని ముగ్గు అలాగే ఉంది. తాయారు దాని పక్కనే నేల మీద చతికిలబడింది.

"డాక్టరు దగ్గరికి పోదాం పద."

"నొప్పి లేదు కోకిలా."

"మరి?"

తాయారు నేల మీద అరచెయ్యి ఆనించి, ఆ చేతినే చూస్తూ చెప్పింది. "తొండియార్‌పేటలో అంతోని అని ఒకడుండాడు. హార్బరులో పని. రంగంలో మీ నాయనా, అతనూ ఒకే బియ్యం మిల్లులో ఉండినారు. కలిసే నడిచినారు. కొండల్లో మీ నాయనకు వాంతులు, బేదులు పట్టుకున్నాయంట. వెనకబడిపోయినాడంట. అంతోని తిరిగి పోయి చూస్తే, దోవ పక్కన..." ఆగింది. "మీద రాళ్ళు పేర్చి వచ్చినాడు. ఆ గుమ్మంలోనే నిలబడి చెప్పినాడు. నువ్వు ఈడే మట్టిలో ఆడుకుంటాండావు."

కోకిల ఆ గుమ్మం వైపు తిరిగి చూసింది.

"నేనేం చేసినానో తెలుసా? మంచినీళ్ళిచ్చినా. అన్నా, ఈ మాట ఇంకెవురికీ చెప్పొద్దు, నీ బిడ్డల మీద ఒట్టు, అంటిని. మరుసటి దినం ఒకరింట్లో పసుపు దంచాల. దంచితేనే మనకు బియ్యం. తలకు పోసుకుని, బొట్టు పెట్టుకుని పోయినా. తొలి పోటు వేసినా. అందరూ నా చెయ్యి చల్లనిదన్నారు." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "వల్లి పెండ్లి పసుపుకూ నేనే వేసినా."

"వల్లి మొగుడు టైఫాయిడ్‌తో పోయాడమ్మా!"

"నువ్వు చదువుకున్నావు. నీకు తెలుస్తుంది. నాకు పొద్దున లేస్తే ఆ పిల్ల మొహం కనపడతాది."

"అదంతా ఉత్తదే. నువ్వు దంచిన పెళ్ళిళ్ళలో ఎంతమంది పిల్లాపాపలతో చల్లగా లేరు? పసుపుకు తెలుసా దంచింది ఎవరో?"

తాయారు మొదటిసారి తలెత్తి కూతురి కళ్ళలోకి చూసింది. "ఉత్తదైతే నువ్వు ప్రెస్సుకు ఎందుకు పోయినావు? ఆ మాట తీయించేదానికి అంత తిప్పలు ఎందుకు పడినావు?"

కోకిల అడ్డంగా పడిన రోకలి వంక చూసింది. బొట్టు ఉంటేనే పెళ్ళిలో అమ్మ ముందుంటుందని, రోటి దగ్గర నిలబడుతుందని, అంత పోరినది తనే. బొట్టు లేని అమ్మను అక్కడే నిలబెట్టాలన్న ఆలోచన తనకూ రాలేదు, సుందర్‌రాజ్‌కూ రాలేదు. వల్లి తలుపు మూసుకుంటే తను మల్లెపూలు వాసన చూస్తూ కూర్చుంది.

"మామ వచ్చిన పొద్దే చెప్పి ఉండొచ్చు కదమ్మా," అంది చివరికి.

"మామతో పాటు నేనూ సరే అనేస్తే పోయేది. ఆ మాట వేస్తారు, దాంతో పాటే ఇదంతా అయిపోతాది అనుకున్నా. నువ్వు నాకోసం నిలబడితివి. ఆ కాగితం పట్టుకుని నవ్వుకుంటా వస్తివి. ఏం చెప్పేది?" తాయారు కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఊరోళ్ళ బిడ్డలకు నీ ఆకలి చూసి దంచినా. నీకు మాత్రం నాచేత కాదు. ఆ మాట వేయించుమే. ఆయన పేరుకు ముందర వేయించు. పన్నెండేండ్లు ఆ మనిషికి నువ్వులూ నీళ్ళూ కూడా ఇయ్యలేదు. వదిలితే పదిమందికీ తెలిసిపోతాదని."

రేపటి నుంచి ఈ రోటి దగ్గరికి అమ్మను ఎవరూ పిలవరు. పెళ్ళిలో అలివేలుమంగ పీటల మీద కూర్చుంటుంది. అమ్మ ఏ స్తంభం వెనకో నిలబడి చూస్తుంది. జరిగేది ఇదేనని కోకిలకు తెలుసు. దాన్ని మార్చేంత ధైర్యం తనకు ఉందో లేదో తెలియదు. లేచి, ఎవరూ ముట్టని పసుపు కొమ్ముల చేటను తీసి లోపల పెట్టి వచ్చింది. ప్రూఫు కాగితం మడిచి బడి సంచిలో పెట్టుకుంది. వచ్చి అమ్మ పక్కన, ఆమె భుజానికి భుజం తగిలేలా కూర్చుంది.

"రేపు బడికి సెలవు పెడతా," అంది. "తెల్లారగానే ఏకాంబరం గారి ప్రెస్సుకు పోయి ఆ మాట వేయిస్తా. అటు నుంచి అటే ఇద్దరం తిరువొత్తియూరు రైలెక్కుదాం. సముద్రం దగ్గర నువ్వులూ నీళ్ళూ వదులుదాం."

"మగబిడ్డ లేడే. ఎవురు వదలాల?"

"నేను వదులుతా."

తాయారు రోకలికి కట్టిన నలిగిన మామిడాకును విప్పింది. పెరటి గోడ మీద ఎండ పూర్తిగా పోయింది.

"నల్ల నువ్వులు ఇంట్లో లేవు," అంది. "దోవలో కొనాల."